ఊళ్లో లేని ఓటరు: సైనికుడికి తపాలా, ప్రవాసికి ప్రయాణం

2024 సార్వత్రిక ఎన్నికల నాటికి ఆంధ్రప్రదేశ్‌లో 7,927 మంది ప్రవాస భారతీయులు ఓటర్లుగా నమోదై ఉన్నారు. వారిలో స్వదేశానికి వచ్చి ఓటు వేసినవారు 195 మంది. దేశం మొత్తం మీద చూసినా 1,19,374 మంది ప్రవాస ఓటర్లలో 2,958 మందే పోలింగ్ కేంద్రాలకు చేరుకోగలిగారు. అందులో 2,670 మంది ఒక్క కేరళకు చెందినవారే.

దీని పక్కన మరో లెక్క పెట్టి చూడాలి. 2019 లోక్‌సభ ఎన్నికల్లో సర్వీస్ ఓటర్లు, అంటే ప్రధానంగా సైనిక, పారామిలిటరీ బలగాల సిబ్బంది, 18,02,646 మంది. వారి నుంచి 10,84,266 తపాలా బ్యాలెట్లు తిరిగివచ్చాయి. ఇది 60.14 శాతం. అంతకు ముందు 2014లో ఈ వర్గం ఓటింగ్ సుమారు 4 శాతమే. అయిదేళ్లలో సైనికుల దేశభక్తి పదిహేను రెట్లు పెరిగిందని ఎవరూ అనరు. మారింది బ్యాలెట్ చేరే పద్ధతి.

సియాచిన్ శిబిరంలో ఉన్న జవానూ, షార్జాలో భవన నిర్మాణంలో ఉన్న కార్మికుడూ పోలింగ్ రోజున సొంత ఊళ్లో ఉండరు. ఇద్దరూ భారత పౌరులే. కానీ మన ఎన్నికల చట్టం ఈ ఇద్దరినీ రెండు భిన్నమైన దృష్టులతో చూస్తుంది.

ఇక్కడ ఒక మాట గురించి చెప్పుకోవాలి. సైనికులూ విదేశాల్లోని పౌరులూ దూరం నుంచి వేసే ఓటును కొన్ని దేశాల్లో ‘గైర్హాజరు ఓటు’ అంటారు. మన నిబంధనల్లో ‘గైర్హాజరు ఓటరు’ వేరే మనిషి. నిర్దేశిత వయసు దాటిన వృద్ధులు, నిర్దేశిత స్థాయి వైకల్యం ఉన్నవారు, అత్యవసర సేవల సిబ్బంది వంటివారికి ఇంటి నుంచో ప్రత్యేక కేంద్రం నుంచో తపాలా బ్యాలెట్ ద్వారా ఓటు వేసే వీలు కల్పిస్తూ 2019లో తెచ్చిన సవరణలో ఆ పేరు వాడారు. అంటే మన పరిభాషలో గైర్హాజరు ఓటరు చాలా సందర్భాల్లో ఇంట్లోనే ఉంటాడు. నిజంగా దూరాన ఉన్నవారి పేర్లు ‘సర్వీస్ ఓటరు’, ‘ప్రవాస ఓటరు’.

ఊళ్లో ఉన్నట్టే లెక్క

ఓటరుగా నమోదు కావాలంటే ఆ నియోజకవర్గంలో ‘సాధారణ నివాసి’ అయి ఉండాలన్నది 1950 ప్రజాప్రాతినిధ్య చట్టంలోని మూల సూత్రం. సైన్యంలో పనిచేసేవారికి ఈ సూత్రం అడ్డు కాకుండా అదే చట్టంలోని 20వ సెక్షన్ ఒక కల్పన చేసింది. ఉద్యోగమే లేకపోతే ఆ వ్యక్తి ఎక్కడ నివసించేవాడో అక్కడే నివసిస్తున్నట్టు భావించాలంటుంది. తాడేపల్లిగూడెం సమీపంలోని మిలిటరీ మాధవరం నుంచి సైన్యంలో చేరినవారు దేశంలో ఏ సరిహద్దున ఉన్నా, చట్టం దృష్టిలో మాధవరం నివాసులే.

ఈ హోదా నాలుగు వర్గాలకు ఉంది: కేంద్ర సాయుధ బలగాలు, సైనిక చట్టం వర్తించే ఇతర దళాలు, సొంత రాష్ట్రం వెలుపల విధుల్లో ఉన్న రాష్ట్ర సాయుధ పోలీసులు, విదేశాల్లో భారత ప్రభుత్వ కొలువుల్లో ఉన్నవారు. బీఎస్ఎఫ్, సీఆర్పీఎఫ్, ఐటీబీపీ వంటివి మొదటి వర్గంలో చేరతాయి. దరఖాస్తు రికార్డు కార్యాలయం ద్వారా స్వస్థలంలోని ఓటర్ల నమోదు అధికారికి చేరుతుంది. జాబితా చివరి భాగంలో వీరి పేర్లు విడిగా ఉంటాయి. ఓటరు గుర్తింపు కార్డు ఇవ్వరు. కుటుంబంతో కలిసి ఉండగలిగే శాంతి ప్రాంతాల్లో పనిచేసేవారు కావాలనుకుంటే అక్కడి సాధారణ ఓటరుగా నమోదు కావచ్చు. రెండు చోట్లా ఉండటం మాత్రం కుదరదు.

సర్వీస్ ఓటరుతో కలిసి నివసిస్తున్న ‘భార్య’కూ ఈ సౌకర్యం ఉండేది. చట్టంలో ఉన్నది ఆ ఒక్క మాటే కావడంతో, సైన్యంలో ఉన్న మహిళ భర్తకు దశాబ్దాల పాటు ఈ హక్కు దక్కలేదు. 2021 సవరణ చట్టం ‘భార్య’ స్థానంలో ‘జీవిత భాగస్వామి’ని చేర్చింది, 2022 ఆగస్టు 1 నుంచి అది అమల్లోకి వచ్చింది. పద్దెనిమిదేళ్లు నిండిన పిల్లలకు మాత్రం ఇప్పటికీ ఈ వెసులుబాటు లేదు. తండ్రితో పాటు కంటోన్మెంట్‌లో ఉంటున్న కుమార్తె అక్కడే సాధారణ ఓటరుగా నమోదు చేసుకోవాలి. నెలల తరబడి సముద్రంపై ఉండే వాణిజ్య నౌకల సిబ్బంది కూడా ఈ నాలుగు వర్గాల్లో లేరు. విశాఖపట్నం వంటి ఓడరేవు నగరాల్లో ఇది చిన్న విషయం కాదు.

పోలింగ్ తేదీ కాదు, లెక్కింపు తేదీ

తపాలా ఓటుకు అసలు శత్రువు దూరం కాదు, రోజులు. నామినేషన్ల ఉపసంహరణ గడువు ముగిసేదాకా బ్యాలెట్‌పై ఎవరి పేర్లు ఉంటాయో తెలియదు. తెలిసిన తరువాతే ముద్రణ. ఉపసంహరణ గడువుకూ పోలింగుకూ మధ్య చట్టం కోరే కనీస వ్యవధి పద్నాలుగు రోజులు. ఆ లోపు కాగితం ఊరి నుంచి ఆర్మీ పోస్టాఫీసుకు, అక్కడి నుంచి యూనిట్‌కు, యూనిట్ నుంచి గస్తీలో ఉన్న జవానుకు చేరాలి. మళ్లీ అదే దారిలో వెనక్కి రావాలి. లెక్కింపు అయిపోయాక చేరిన కవరుకు విలువ లేదు. 2014 నాటి 4 శాతానికి వెనుక ఉన్న కథ చాలావరకు ఇదే.

2016 అక్టోబరులో కేంద్రం ఎన్నికల నిర్వహణ నిబంధనల్లోని 23వ నిబంధనను సవరించి, బ్యాలెట్‌ను ఎలక్ట్రానిక్ రూపంలో పంపేందుకు అనుమతించింది. సీ-డాక్ సహకారంతో రూపొందిన ఈ వ్యవస్థను, క్లుప్తంగా ఈటీపీబీఎస్‌ను, ఆ ఏడాది నవంబరులో పుదుచ్చేరిలోని నెల్లితోప్పు ఉప ఎన్నికలో తొలిసారి వాడారు. అభ్యర్థుల తుది జాబితా ఖరారైన వెంటనే రిటర్నింగ్ అధికారి బ్యాలెట్‌ను పంపుతారు. ఓటీపీతో దాన్ని దించుకుని, పిన్‌తో తెరిచి, ముద్రించి ఓటరుకు ఇస్తారు.

ఇందులో సగం ప్రయాణమే ఎలక్ట్రానిక్. గుర్తు పెట్టిన బ్యాలెట్ తిరిగి రావాల్సింది తపాలాలోనే. కాబట్టి గడువు మొత్తం రెండో సగంపై ఆధారపడుతుంది. 2023 తెలంగాణ శాసనసభ ఎన్నికల్లో ఉపసంహరణ గడువు నవంబరు 15, పోలింగ్ 30న, లెక్కింపు డిసెంబరు 3న. అంటే కరీంనగర్‌కు చెందిన జవానుకు మొత్తంగా దక్కినవి 18 రోజులు. లద్దాఖ్ వంటి చోట్ల శీతాకాలం మొదలయ్యే రోజులవి. ఆర్నెల్లు తిరిగేసరికి జరిగిన లోక్‌సభ ఎన్నికల్లో ఉపసంహరణ గడువు ఏప్రిల్ 29, లెక్కింపు జూన్ 4. అదే జవానుకు ఈసారి 36 రోజులు. ఎన్నికల షెడ్యూలు ప్రకటించినప్పుడు మనం పోలింగ్ ఏ దశలో అని చూస్తాం. సర్వీస్ ఓటరు చూడవలసింది లెక్కింపు తేదీని. ఆ రోజు లెక్కింపు మొదలయ్యే సమయానికి కవరు రిటర్నింగ్ అధికారి చేతిలో ఉండాలి.

ఆ కవరులోని క్రమం కూడా ముఖ్యమే. బ్యాలెట్‌ను చిన్న కవరులో పెట్టి అంటించాలి. దాన్నీ, ఫారం 13ఎ అనే డిక్లరేషన్‌నూ కలిపి పెద్ద కవరులో పెట్టాలి. డిక్లరేషన్‌పై ఓటరు సంతకం, దాన్ని ధ్రువీకరించే అధికారి సంతకం ఉండాలి. బ్యాలెట్‌పై ఎవరి పేరూ ఉండదు కాబట్టి ఓటరు ఎవరో చెప్పేది ఆ డిక్లరేషన్ ఒక్కటే. అది లేకపోయినా, సంతకం లేకపోయినా లోపలి కవరును తెరవకుండానే తిరస్కరిస్తారు. ఎవరికి ఓటు వేశాడో ఎప్పటికీ తెలియదు.

ఈ ధ్రువీకరణ ఎంత సున్నితమైన వ్యవహారమో 2024లో ఆంధ్రప్రదేశ్ చూసింది. అక్కడి వివాదం ఎన్నికల విధుల్లో ఉన్న ఉద్యోగుల తపాలా ఓట్లది, సైనికులది కాదు. కానీ ఫారం అదే. ధ్రువీకరించిన అధికారి సంతకం ఉండి ముద్ర లేకపోతే ఓటు చెల్లుతుందా అన్న ప్రశ్న లెక్కింపుకు ముందు రోజు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. జోక్యం చేసుకునేందుకు న్యాయస్థానం నిరాకరించింది.

లెక్కింపు కేంద్రంలో ఈటీపీబీఎస్ కవర్లపై ఉన్న క్యూఆర్ కోడ్లను వరుసగా స్కాన్ చేస్తారు. ఒకే ఓటరు పేరిట రెండు కవర్లు వస్తే అక్కడే బయటపడుతుంది. గెలుపు మెజారిటీ కన్నా తిరస్కరించిన తపాలా బ్యాలెట్ల సంఖ్య ఎక్కువగా ఉంటే, ఫలితం ప్రకటించే ముందు వాటన్నిటినీ మళ్లీ పరిశీలించాలి. ఈవీఎంల లెక్కింపులో చివరి రౌండుకు ముందున్న రౌండును తపాలా బ్యాలెట్ల లెక్కింపు పూర్తయ్యాకే చేపట్టాలని 2025 సెప్టెంబరులో ఎన్నికల సంఘం ఆదేశించింది.

తపాలా వద్దనుకున్న సైనికుడికి మరో దారి ఉంది. 2003 సవరణ ప్రకారం సాయుధ బలగాల సిబ్బంది, సైనిక చట్టం పరిధిలోని దళాల సిబ్బంది తమ బదులు ఓటు వేసే ప్రతినిధిని నియమించుకోవచ్చు. ఇతర సర్వీస్ ఓటర్లకు ఈ అవకాశం లేదు. ప్రతినిధి అదే నియోజకవర్గంలో నివసించే, పద్దెనిమిదేళ్లు నిండిన వ్యక్తి కావాలి. అతను మామూలు పోలింగ్ కేంద్రానికే వెళ్లి ఓటు వేస్తాడు. తన సొంత ఓటుకు చూపుడు వేలు ఉంటుంది కనుక, ఈ ఓటుకు ఎడమచేతి మధ్యవేలిపై సిరా వేస్తారు. రోజుల బెడద దీనికి లేదు. అయితే జవాను చెప్పిన గుర్తుకే ప్రతినిధి ఓటు వేశాడా అన్నది ఎవరూ తేల్చలేరు. చట్టం ఆ నమ్మకాన్ని కుటుంబానికే వదిలేసింది.

పేరు ఇక్కడ, మనిషి అక్కడ

విదేశాల్లో చదువుకో ఉద్యోగానికో వెళ్లి, అక్కడి పౌరసత్వం తీసుకోని భారతీయులకు 2011 ఫిబ్రవరి దాకా ఓటరుగా నమోదయ్యే ప్రత్యేక అవకాశమే లేదు. 1950 చట్టంలో 20ఎ సెక్షన్ చేర్చడంతో అది వచ్చింది. ఫారం 6ఎ నింపి, పాస్‌పోర్టులోని స్వదేశీ చిరునామా ఉన్న నియోజకవర్గంలో పేరు చేర్చుకోవచ్చు. ఆన్‌లైన్‌లో చేయవచ్చు. ఓసీఐ కార్డు ఉన్నవారికి ఇది వర్తించదు, వారు విదేశీ పౌరులు.

ఇంతవరకు చట్టం ఉదారంగానే ఉంది. తరువాతి వాక్యం దగ్గరే చిక్కు. ఓటు వేయాలంటే అసలు పాస్‌పోర్టుతో స్వయంగా తన పోలింగ్ కేంద్రానికి రావాలి. తపాలా లేదు, ప్రతినిధి లేడు. సైనికుడు ఊళ్లో లేకున్నా ఉన్నాడనుకున్న చట్టం, ప్రవాసిని ఉన్నాడని నిరూపించుకోమంటుంది.

జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ ప్రాంతాల నుంచి గల్ఫ్‌కు వెళ్లిన కార్మికుల్లో చాలామందికి రెండేళ్లకోసారి గాని సెలవు దొరకదు. కడప, కోనసీమ నుంచి కువైట్ వెళ్లి ఇళ్లలో పనిచేస్తున్న మహిళల్లో చాలామందికి పాస్‌పోర్టు తమ దగ్గర ఉండదు, యజమాని దగ్గర ఉంటుంది. టికెట్ డబ్బులు సరే, ఓటుకు చూపాల్సిన పత్రమే వారి చేతిలో లేదు. అమెరికాలో ఉన్న సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి ఖర్చు భారం తక్కువ కావచ్చు. వీసా ముద్ర కోసం ఇక్కడ ఎన్నాళ్లు ఆగాలో తెలియని భయం ఎక్కువ. కేరళ అంకె మిగతా రాష్ట్రాలకన్నా పెద్దదిగా కనిపించవచ్చు. ప్రవాసులు సంఘాలుగా కూడి ఎన్నికల వేళకు ప్రయాణాలు ఏర్పాటు చేసుకునే అలవాటు అక్కడ ఉంది. అయినా 2019లో 25 వేలు దాటిన ఆ సంఖ్య 2024లో మూడు వేలకు లోపే.

ఈ అడ్డంకిని తొలగించమని సుప్రీంకోర్టుకు వెళ్లినవారిలో లండన్‌లో స్థిరపడిన తెలుగువారు ఒకరున్నారు. ఎన్నికల సంఘం కమిటీ 2014లోనే తపాలా బ్యాలెట్, ప్రతినిధి ఓటు రెండింటినీ పరిశీలించవచ్చంది. ప్రతినిధి ఓటుకు వీలు కల్పించే బిల్లును 2018 ఆగస్టు 9న లోక్‌సభ ఆమోదించింది. రాజ్యసభ ఆమోదానికి ముందే 16వ లోక్‌సభ రద్దు కావడంతో అది మురిగిపోయింది. 2020 నవంబరులో ఎన్నికల సంఘం, ఈటీపీబీఎస్‌ను ప్రవాసులకు విస్తరించేందుకు సాంకేతికంగా, పాలనాపరంగా సిద్ధమని న్యాయశాఖకు రాసింది. 2022 నవంబరులో కేంద్రం ఇచ్చిన హామీని నమోదు చేసి సుప్రీంకోర్టు ఆ పిటిషన్లను ముగించింది. 2024 ఎన్నికలు పాత నిబంధనతోనే జరిగాయి.

అభ్యంతరాలను తోసిపారేయలేం. సైనికుడి డిక్లరేషన్‌పై సంతకం చేయడానికి పక్కనే అధికారి ఉంటాడు. దుబాయ్ కార్మిక శిబిరంలో ఎవరు చేస్తారు? రాయబార కార్యాలయమైతే, లక్షల మందికి చాలినంత సిబ్బంది కావాలి; తమ గడ్డపై పరాయి దేశపు ఎన్నికకు వరుసలు కట్టడానికి ఆతిథ్య దేశం ఒప్పుకోవాలి. శిబిరంలో బ్యాలెట్‌ను ఎవరి కళ్ల ముందు నింపాడన్నది ఇంకా కష్టమైన ప్రశ్న. ప్రతినిధి ఓటైతే, ఇంటి పెద్దో గ్రామ నాయకుడో పదుల ఓట్లు కూడగట్టే ప్రమాదం ఉంది. కానీ ఈ చివరి ప్రమాదం సైనికుడి ప్రతినిధి విషయంలోనూ ఉంది. దాన్ని అక్కడ అంగీకరించిన పార్లమెంటు, ఇక్కడ ఎందుకు అంగీకరించలేదో సభలో వివరంగా చెప్పవలసే ఉంది.

ఇతరులు దీన్ని వేర్వేరుగా ఎదుర్కొన్నారు. అమెరికా 2009లో చేసిన చట్టం ప్రకారం, అడిగిన సైనికులకూ విదేశాల్లోని పౌరులకూ ఫెడరల్ ఎన్నికకు కనీసం 45 రోజుల ముందే బ్యాలెట్ పంపాలి. ఇద్దరికీ ఒకే నియమం. పాకిస్థాన్ 2018 అక్టోబరు ఉప ఎన్నికల్లో ప్రవాసులకు ఇంటర్నెట్ ఓటింగును ప్రయోగాత్మకంగా చేపట్టి, ఆపై వెనక్కి తగ్గింది. బంగ్లాదేశ్ 2025 నవంబరులో మొబైల్ యాప్ ద్వారా ప్రవాసుల నమోదు మొదలుపెట్టి, తపాలా ఓటు వైపు కదిలింది.

మన దగ్గర నిబంధన మారేవరకు విదేశాల్లోని వారు గమనించాల్సినవి కొన్ని ఉన్నాయి. ఫారం 6ఎకు పాస్‌పోర్టులో ఫొటో, చిరునామా, చెల్లుబాటులో ఉన్న వీసా ముద్ర ఉన్న పుటల నకళ్లు జతచేయాలి. బూత్ స్థాయి అధికారి స్వస్థలంలోని ఇంటికి వచ్చి విచారిస్తారు కనుక ఇంట్లోవారికి ముందే చెప్పి ఉంచాలి. సాధారణ ఓటరుగా, ప్రవాస ఓటరుగా రెండు పేర్లు ఉండకూడదు. శాశ్వతంగా తిరిగివచ్చినవారు ఆ సంగతి నమోదు అధికారికి తెలిపి, ఫారం 6తో మళ్లీ సాధారణ ఓటరుగా దరఖాస్తు చేసుకోవాలి.