తాళపుచెవియు, పరధ్యానమును

మానవుడు చేయు పొరపాట్లు రెండు విధములు. తెలియక చేయునవి కొన్ని. తెలిసియుండియు, ఆ క్షణమున మనస్సు మరియొకచోట నుండుటచే జరుగునవి కొన్ని. మొదటివానికి చదువును, అనుభవమును మందు. రెండవవానికి ఆ మందు పనిచేయదు. ఇరువది యేండ్లుగా మోటారు సైకిలు నడపుచున్నవాడును ఒకనాడు తాళపుచెవిని బండికే వదలి ఇంటిలోనికి నడచిపోవును. నిజమునకు క్రొత్తగా నేర్చుకొన్నవానికంటె ఆరితేరినవాడే ఇట్టి పొరపాట్లు చేయుటకు ఎక్కువ అవకాశము కలదు. ఇది ఎట్లు జరుగును? దీనికి విరుగుడు కలదా?

మన భాషలో ఈ చిన్న పనిముట్టునకు తాళపుచెవి యని పేరు. చెవి యని పేరేగాని అది వినదు. ఎంత పిలిచినను పలుకదు. చొక్కా జేబు, బల్ల, గూడు అన్నియు వెదకి, ఇంటిల్లిపాదిని లేపి, తుదకు వీథిలోనికి వచ్చి చూచినచో అది బండికే వ్రేలాడుచుండును. చంకలో బిడ్డ నుంచుకొని ఊరంతయు వెదకిన సామెత ఇట్టివారిని చూచియే పుట్టినదేమో! బండి అచటనే యున్నది కనుక నవ్వుకొందుము. లేకున్నచో నవ్వు రాదు.

అలవాటు మనుష్యునకు గొప్ప ఉపకారి. బండి నేర్చుకొను దినములలో క్లచ్చి పట్టుట, గేరు మార్చుట, బ్రేకు త్రొక్కుట అనునవి ఒక్కొక్కటియు ఆలోచించి చేయవలసి యుండును. కొన్ని నెలలు గడచిన పిదప ఆ పనులన్నియు చేతులకును, కాళ్లకును అప్పగింపబడి మనస్సునకు తీరిక కలుగును. ఆ తీరికలో మనస్సు ఆఫీసు పనిని గూర్చియో, బిడ్డ జ్వరమును గూర్చియో, తీర్చవలసిన బాకీని గూర్చియో ఆలోచించుచుండును. ఇట్టి స్థితినే మనము పరధ్యానమందుము. ధ్యానము లేకపోలేదు, అది పరమైన వస్తువు మీద నున్నది.

అమెరికా దేశపు తత్త్వవేత్త విలియం జేమ్స్ 1890లో ప్రకటించిన మనస్తత్వశాస్త్ర గ్రంథమున ఒక చక్కని ఉదాహరణ మిచ్చెను. రాత్రి విందుకు పోవుటకై దుస్తులు మార్చుకొనవలెనని పడకగదికి పోయిన పరధ్యానపరులు కొందరు, ఒక్కొక్క వస్త్రమును విప్పుచు విప్పుచు తుదకు పక్కమీదికి చేరుదురట. మొదటి రెండు మూడు కదలికలు నిద్రకు పోవునప్పటి కదలికలే కావున, అలవాటు మిగిలిన పనిని తానే పూర్తిచేసినది. బ్రిటను దేశపు మనస్తత్వ శాస్త్రజ్ఞుడు జేమ్స్ రీజన్ 1970 తరువాతి సంవత్సరములలో కొందరిచే తమ పరధ్యానపు పనులను దినచర్య పుస్తకములలో వ్రాయించి పరిశీలించెను. ఇట్టివి చాలవరకు బాగుగ అలవాటైన పనులలోనే, పరిచితమైన చోటులలోనే, మనస్సు వేరొక చింతలో నున్నప్పుడే జరుగునని తేలినది. కనుక పరధ్యానము మందబుద్ధికి చిహ్నము కాదు; నైపుణ్యమునకు మనము చెల్లించు సుంకము.

ఇక మోటారు సైకిలు సంగతి. ఇంటి తాళపుచెవికి ఒక్కటే పని. దీనికి అట్లు గాదు. అనేక బండ్లలో ఒక్క చెవియే ఇంజనునకు విద్యుత్తును కలుపును, విడదీయును, హాండిలును బిగించును, పెట్రోలు ట్యాంకు మూత తెరచును, ప్రక్కనున్న పెట్టెనో, సీటునో తీయును. ఎన్ని రంధ్రములో అన్ని మరపులకు తావు.

మొదటిదియు, అన్నింటికంటె సామాన్యమైనదియు, బండి నిలిపి చెవిని తీయకుండ పోవుట. దీనికొక శాస్త్రీయమైన కారణము కలదు. మనము ఏ పని చేసినను ఒక ఫలమును గోరి చేయుదుము. ఫలము చేతికందినంతనే మనస్సు ఆ పనిని ముగిసినట్లెంచి తరువాతి దానికి పోవును. ఫలమందిన పిమ్మట చేయవలసిన చిన్న పని యేదైన మిగిలియున్నచో అది మరపున పడుట సహజము. నకలు తీయు యంత్రమున నకలు పుచ్చుకొని అసలు కాగితమును వదలివచ్చుట ఇట్టిదే. మైకేల్ బర్న్, సూసన్ బోవైర్ అను పరిశోధకులు 1997లో ఈ జాతి పొరపాట్లను ప్రత్యేకముగ పరిశీలించి ప్రకటించిరి. బ్యాంకుల నగదు యంత్రములలో పెక్కింటిని, కార్డు తీసికొన్న పిదపనే డబ్బు వచ్చునట్లు అమర్చుటకు కారణమిదియే. డబ్బు ముందు వచ్చినచో కార్డు అచటనే మిగిలిపోవును.

మోటారు సైకిలు నడపువాని ఫలము ఇల్లు చేరుట. బండి ఆగినది, కాలు నేలను తాకినది, పని ముగిసినది. అయినను ఇంజను నాపుటకు చెవిని త్రిప్పక తప్పదు కావున, త్రిప్పిన చేయి దానిని పైకి లాగుటయు సాధారణముగ జరుగును. చిక్కంతయు ఇంజను మరియొక విధముగా ఆగినప్పుడే వచ్చును. కుడిచేతి వైపున నుండు ఎర్రమీటను నొక్కి ఇంజను నాపువారు కలరు. కొన్ని బండ్లలో గేరులో నుండగా సైడు స్టాండు దింపినచో ఇంజను తానే ఆగిపోవును. ఒక్కొక్కప్పుడు ఇంటి గుమ్మము చేరులోపలనే ఇంజను ఊపిరి విడుచును. ఈ మూడు సందర్భములలోను చెవి చేయవలసిన పని చెవితో నిమిత్తము లేకుండగనే జరిగిపోయినది. ఇక దానిని జ్ఞాపకము చేయువారెవరు?

అట్లు వదలిన చెవి వలన దొంగలకు కలుగు సౌకర్యము వేరుగ చెప్పనక్కరలేదు. కాని దొంగ రాకున్నను నష్టము తప్పదు. చెవి కలిపిన స్థానముననే యున్నచో, బ్యాటరీతో వెలుగు దీపములన్నియు వెలుగుచునే యుండును. పన్నెండు వోల్టుల బ్యాటరీ నుండి 35 వాట్ల పెద్ద దీపము సుమారు 3 ఆంపియర్ల విద్యుత్తును తీసికొనును. చిన్న బండ్లలో నుండు 5 ఆంపియరు గంటల బ్యాటరీ రెండు గంటలు కూడ నిలువదు. 5 వాట్ల వెనుక దీపము మాత్రమే వెలిగినను, తెల్లవారునప్పటికి, అనగా పన్నెండు గంటలకు, బ్యాటరీ వట్టిపోవును. 1955లో మద్రాసున ఎన్‌ఫీల్డ్ ఇండియా సంస్థ ఏర్పడిన పిదప మన దేశమున తయారైన పూర్వపు బుల్లెట్టు బండ్లకు దీపపు గిన్నెపై ఆంపియరు మీటరు నమర్చెడివారు. ఇంజను ఆగి చెవి మాత్రము కలిపియున్నచో ఆ మీటరు ముల్లు తరుగు వైపునకు వ్రాలి యజమానిని హెచ్చరించెడిది. పాయింట్లు మూసికొనిన స్థితిలో ఇంజను ఆగినచో కాయిలు గుండ విద్యుత్తు ఎడతెగక ప్రవహించి, బ్యాటరీ క్షీణించుటయే గాక కాయిలు కూడ వేడెక్కి చెడిపోవచ్చును.

వీటన్నింటికంటె గొప్ప అపాయము పిల్లల వలన. నిలిపియున్న బండి యెక్కి నడపుచున్నట్లు ఆడుకొనుట ఏ బిడ్డకు ముచ్చట గాదు? బండి గేరులో నుండి, చెవి దానికే యుండి, పిల్లవాడు సెల్ఫ్ స్టార్టరు మీటను నొక్కినచో ఏమగును? క్లచ్చి పట్టనిదే స్టార్టరు పనిచేయని ఏర్పాటు లేని బండి ముందుకు దుముకును. పసివానిపై ఆ బరువు పడుట తలంచుకొనుటకే భయము.

రెండవ జాతి పొరపాటు చెవిని లోపలనుంచి మూతవేయుట. సీటు క్రింద పెట్టె గల స్కూటర్లలో ఇది ఎక్కువ. శిరస్త్రాణమును లోపల పెట్టుటకై రెండు చేతులును కావలెను, చేతిలోని చెవిని క్షణకాలము ఆ పెట్టెలోనే ఉంచుదుము, సీటును నొక్కుదుము, టక్కుమని తాళము పడును. ఇచట దోషము మనిషిలో సగము, యంత్రములో సగము. తీయుటకు చెవి కావలసి, మూయుటకు అక్కరలేని తాళమేదైనను ఈ ప్రమాదమునకు తావిచ్చును. దీనికి భిన్నముగ, పెక్కు బండ్ల పెట్రోలు ట్యాంకు మూత తెరచియున్నంత సేపు చెవి దాని నుండి ఊడిరాదు. మూసిన పిదపనే వచ్చును. పైగా ఆ చెవియే లేనిచో బండి కదలదు. కాబట్టి బంకులో దానిని మరచిపోవుట కష్టము. ప్రక్కపెట్టె కట్టి బెట్టు చేయదు. ఇంటి ముందు దానిలోని సంచి తీసికొని, చెవిని దానికే వదలి లోపలికి పోవువా రనేకులు.

మూడవది బయలుదేరునప్పటి మరపు. చెవిని త్రిప్పుట మరచియో, ఎర్రమీటను ముందునాడు నొక్కిన సంగతి మరచియో, కిక్కు మీద కిక్కు కొట్టి చెమటలు క్రక్కువారిని చూచుచునే యుందుము. ప్లగ్గు విప్పి తుడిచి, మెకానికుకు కబురు పంపినంతలో, దారిన పోవు కుర్రవాడు వచ్చి మీటను సరిచేసి పోవును. ఇది నవ్వుతో ముగియును. ముందు చక్రపు డిస్కుకు విడిగా తాళము వేసి, ఆ సంగతి మరచి బండిని కదపుట మాత్రము నవ్వుతో ముగియదు. చక్రము బిగిసి బండి ప్రక్కకు పడును. ఇట్టి తాళములకు రంగుతీగ నొకదానిని తగిలించి హాండిలు పిడికి చుట్టుట అందుకే. కంటికి కనబడునదే మనస్సునకు తోచును.

ఇటీవల చెవి లేకయే, జేబులోనున్న చిన్న యంత్రమును గుర్తించి కదలు బండ్లు వచ్చినవి. వీటితో మరపు పోలేదు, రూపము మార్చుకొన్నది. ఇంజను నడచుచున్న బండిని భార్య భర్తకు అప్పగించి, ఆ యంత్రమును తన సంచిలోనే ఉంచుకొని లోపలికి పోయిన దనుకొందము. బండి హెచ్చరిక చూపునేగాని సామాన్యముగ నడుమ ఆగదు. ఊరి కావల ఇంజను నాపిన పిమ్మట గాని సంగతి తెలియదు.

ఇక విరుగుడులు. “జాగ్రత్తగా నుండవలెను” అను ఉపదేశము ఇచట పనికిరాదు. జాగ్రత్త పడవలసిన మనస్సే ఆ సమయమున ఊరిలో లేదు. అలవాటు చేసిన తప్పును అలవాటుతోనే దిద్దవలెను. జర్మను మనస్తత్వ శాస్త్రజ్ఞుడు పీటర్ గోల్‌విట్సర్ 1999లో వివరించినట్లు, “మరువను” అను సంకల్పము కంటె “ఇది జరిగినంతనే అది చేయుదును” అను సంకల్పము బలమైనది. కావున నిత్యము ఇంజనును చెవితోనే ఆపుట మొదటి నియమము. ఎర్రమీటను ఆపదకు విడువవలెను. సైడు స్టాండు దింపకముందే చెవి చేతిలోనికి రావలెనన్నది రెండవది. ఏ మూతనైనను చెవి పిడికిలిలో నున్నదని చూచుకొనిన పిదపనే నొక్కవలెనన్నది మూడవది. జపాను రైల్వే ఉద్యోగులు సంకేతదీపమును వ్రేలితో చూపి, దాని స్థితిని పైకి పలుకు ఆచారము చిరకాలముగ నున్నది. బండి దిగునప్పుడు “చెవి చేత నున్నది” అని ఒక్కమాట పైకి అనుకొనుటకు సిగ్గుపడనక్కరలేదు.

నాలుగవ నియమము చెవికి ఒక్కటే చోటు. మన ముత్తవ్వలు తాళపుచెవుల గుత్తిని బొడ్డున దోపుకొనెడివారు. తాతలు జందెమునకో, మొలత్రాటికో కట్టుకొనెడివారు. వారు పోగొట్టుకొనక పోవుటకు కారణము జ్ఞాపకశక్తి గాదు, చోటు మారకుండుట. తలుపు ప్రక్కన ఒక మేకు కొట్టి, దానికి తప్ప మరెచటను తగిలింపకున్న చాలును. గుత్తి మాత్రము తేలికగ నుండవలెను. బరువైన గుత్తి బండి కుదుపులకు ఊగి ఊగి తాళమును అరగదీయును. అరిగిన తాళము నుండి చెవి దారిలో జారిపడినను ఇంజను నడచుచునే యుండుటచే తెలియదు. రెండవ చెవిని అదే గుత్తికి తగిలించుట రెండింటిని ఒక్కసారిగా పోగొట్టుకొనుటకే. దానిని ఇంటిలో వేరుగ దాచి, చెవులతో సంఖ్య చెక్కిన బిళ్ల వచ్చినచో ఆ సంఖ్యను వ్రాసియుంచవలెను. బండి దొంగిలింపబడి బీమా సొమ్ము కోరునప్పుడు సంస్థలు సాధారణముగ రెండు చెవులను అడుగునన్న సంగతియు గుర్తుంచుకొనదగినది.

ఇంటిలోని వృద్ధులు చెవి ఎక్కడ పెట్టితిరో మరచినచో కొందరు వెంటనే మతిమరపు జబ్బని బెంగపడుదురు. ఎక్కడ పెట్టితినని అప్పుడప్పుడు తడుముకొనుట ఏ వయస్సునందైనను సహజమే. ఆ చెవి యెందులకో తెలియకపోవుట, ఎన్నడు పోవు దారి గుర్తురాకపోవుట మాత్రము వైద్యునికి చెప్పవలసిన సంగతులు. ఈ రెండింటి తారతమ్యము తెలిసినచో అనవసరపు భయమును తప్పును, అవసరమైన వైద్యమును ఆలస్యము గాదు.

మన యిండ్లలో బయలుదేరువానిని “ఎక్కడికి?” అని అడుగరాదను పట్టింపు కలదు. ఇంటికి వచ్చినవానిని “చెవి యేది?” అని అడుగుటకు ఏ పట్టింపును అడ్డురాదు. మంచినీళ్ల చెంబు అందించుచు, కసరక, నవ్వుచు ఆ ఒక్క ప్రశ్న నడిగినచో చాలును. పరధ్యానమున నున్నవాని మనస్సు ఇల్లు చేరుటకు అంతకంటె మంచి పిలుపు లేదు.