పాత లాప్‌టాపుకు పళ్ళు చూడడం

సెకండుహాండు లాప్‌టాపు అనే సరుకు ఇప్పుడు మన ఆత్మకూరు దాకా వచ్చింది. సికింద్రాబాదు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో ఎవరో కొన్నది చేతులు మారి, కర్నూలు చేరి, నందికొట్కూరు మీదుగా బస్సెక్కి, చివరకు మూడువేల అయిదువందలకు మన హాస్టలు గది ముందర దిగుతుంది. ఇంటర్న్‌షిప్ రిపోర్టు టైపు చేయాల, పైథాను నేర్చుకోవాల, ఇవన్నీ సెల్‌ఫోను తెరమీద ఎన్నాళ్ళని? అట్లని తొందరపడితే, ఆ మూడున్నర వేలు మా ఇంట్లో డి.ఎ.పి. బస్తాల డబ్బు. సేద్యం ఉన్న ఇండ్ల పిల్లలకు ఈ లెక్క నేను చెప్పనక్కరలేదు.

సంతలో ఎద్దును కొనేవాడు కొమ్ముల రంగు చూడడు. నోరు తెరిచి రెండు పళ్ళా, నాలుగా, ఆరా, కడపళ్ళు వచ్చినాయా అని చూస్తాడు. లాప్‌టాపుకు పళ్ళంటే ప్రాసెసరు నంబరు. ఐ5 అనే స్టికరు ఒక్కటి చూస్తే చాలదు. ఐ5 అనేది 2010లోనూ ఉంది, 2020లోనూ ఉంది. దాని పక్క అంకెలు చూడాల. 2520 అని ఉంటే రెండవ తరం, 2011 నాటిది. 8250 అని ఉంటే ఎనిమిదవ తరం, 2017 నాటిది. కోర్ టూ డుయో అంటే అంతకన్నా ముసలిది. స్టికరు ఎవరైనా అంటించవచ్చు గనుక, యంత్రాన్ని ఆన్ చేయించి సెట్టింగులలోనే చదవాల.

వయసు ఎందుకు ముఖ్యమంటే, విండోస్ 10కి మైక్రోసాఫ్టు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 అధికారికంగా కావాలంటే ఇంటెల్‌లో స్థూలంగా ఎనిమిదవ తరమూ, ఆపైనా ఉండాల. విండోస్ 7, 8 లకైతే 2023 మొదట్లోనే క్రోము కొత్త వెర్షన్లు ఆగిపోయినాయి. మరి పాతవన్నీ చెత్తేనా? కాదు. లైనక్స్ మింట్ వంటిది ఉచితంగా దొరుకుతుంది, 4 జి.బి. ర్యామ్ ఉంటే నడుస్తుంది. అయితే ప్రాసెసరు 64 బిట్లది కావాల. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13ను 32 బిట్ల పాత యంత్రంలో కొత్తగా వేసుకునే వీలే లేదు. అట్టి యంత్రం వెయ్యి రూపాయలకు ఇచ్చినా నేను వద్దంటాను.

పాత లాప్‌టాపు నత్తనడకకు చాలాసార్లు ప్రాసెసరు కారణం కాదు, హార్డుడిస్కు కారణం. ఫిజిక్సు విద్యార్థులకు ఇది సులువైన లెక్క. డిస్కు నిమిషానికి 5,400 చుట్లు, అంటే సెకనుకు 90 చుట్లు తిరుగుతుంది. ఒక చుట్టుకు సుమారు 11 మిల్లీసెకండ్లు. కావలసిన చోటు ముల్లు కిందికి రావడానికి సగటున సగం చుట్టు ఆగాల, అంటే 5.5 మిల్లీసెకండ్లు. ముల్లు ముందుకూ వెనకకూ జరిగే కాలం దీనికి అదనం. ఎస్.ఎస్.డి.లో తిరిగేదే లేదు గనుక సమాచారం మిల్లీసెకండులో చిన్న భాగానికే అందుతుంది. విండోస్ తెరుచుకునేటప్పుడు ఇట్లాంటి వెదుకులాటలు వేలకు వేలు! అందుకే డిస్కు మారిస్తే ముసలి యంత్రం కూడా లేచి కూర్చుంటుంది. ర్యామ్ మాత్రం బోర్డుకే అతికించి ఉంటే పెంచలేము. ఇది ముందే అడిగి తెలుసుకోవాల.

బ్యాటరీ సంగతి మన కరెంటు కోతల ఊరికి మరీ ముఖ్యం. విండోస్‌లో బ్యాటరీ రిపోర్టు తీయవచ్చు. తయారైనప్పుడు 48 వాట్ అవర్లు పట్టేది ఇప్పుడు 16 మాత్రమే పడుతుంటే, యంత్రం 16 వాట్లు తాగేదైతే, గంట వస్తుంది, అంతే. టచ్‌ప్యాడు పైకి ఉబ్బినట్టు, మూత సరిగా పడనట్టు కనబడితే లోపల బ్యాటరీ వాచిందని అనుమానించాల. అది నిప్పంటుకునే వస్తువు, దాన్ని నొక్కి చూడవద్దు.

ఇక "అన్నా, బిల్లుందా?" అని అడగడానికి మొహమాటపడేవాళ్ళు మనలో ఎక్కువ. దొంగసొమ్మని తెలిసి గానీ, అట్లా నమ్మడానికి కారణముండీ గానీ తీసుకోవడం భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షను కింద నేరం. ఆఫీసుల నుంచి వచ్చిన యంత్రాలకు బయాసు పాస్‌వర్డు ఉండిపోవడమూ కద్దు. అది తెలియకపోతే పెన్‌డ్రైవు నుంచి లైనక్స్ ఎక్కించడానికే అడ్డు పడవచ్చు.

ఇప్పుడు ధర. యంత్రం 3,500, ఎస్.ఎస్.డి., బ్యాటరీ కలిపి ఇంకో 3,000 అనుకుందాం. అసలు బేరం 6,500కన్న మాట. సంతలో దళారి తువ్వాలు కింద వేళ్ళు పట్టి ఒక ధర చెప్తాడు గానీ, ఇంటికొచ్చినాక గడ్డి ఖర్చు చెప్పడు గదా! ఆ 6,500కు ఇంకొంత చేర్చి ఎనిమిదవ తరానిది, షాపు గ్యారంటీతో దొరుకుతుందేమో విచారించి, దొరికితే ఆగడం మేలని నా అభిప్రాయం. నాలుగవ తరం కన్న పాతదైతే, టైపు చేయడానికీ చిన్న ప్రోగ్రాములకూ తప్ప వేరే ఆశ పెట్టుకోకుండా ఉంటేనే కొనండి.

చూడబోయేటప్పుడు లైనక్స్ మింట్ వేసిన పెన్‌డ్రైవు ఒకటి జేబులో పెట్టుకోండి. ఇన్‌స్టాలు చేయకుండానే దాన్నుంచి యంత్రం నడుస్తుంది. వైఫై పట్టుతుందా, అన్ని మీటలూ పలుకుతాయా, తెరమీద గీతలున్నాయా, ఛార్జరు తీస్తే ఆరిపోతుందా, ఒక వీడియో అరగంట ఆడిస్తే ఫ్యాను రోకలిబండ మాదిరి మోగుతుందా, అన్నీ తేలుతాయి. డబ్బు చేతికిచ్చేది ఆ అరగంట తర్వాతే.