ప్రాణం నిలిచాక మొదలయ్యే వైద్యం

కోలుకోవడం నేర్పే డాక్టర్లకు శిక్షణ ఇచ్చే శాఖకే మెడికల్ కాలేజీల్లో చోటు కరవు

రైలింజన్ల తయారీకి 1945లో పుట్టిన టెల్కో, 1954లో లారీల బాట పట్టింది. 2003లో టాటా మోటార్స్‌గా పేరు మార్చుకుంది. జంషెడ్‌పూర్‌లో దాని చుట్టూ పెరిగిన కాలనీ మాత్రం నేటికీ టెల్కో కాలనీయే. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి పొట్ట చేతబట్టుకుని వచ్చిన తెలుగువారి మనవలు, మునిమనవలు ఈ ఉక్కు నగరంలో స్థిరపడ్డారు. కాలనీలోనే కంపెనీ ఆస్పత్రి ఉంది. వైద్యం విషయంలో దేశంలోని చాలా పట్టణాల కంటే ఇది అదృష్టవంతుల పేటే.

అయినా ఇలాంటి చోట కూడా ఒక ప్రశ్నకు జవాబు అంత తేలిగ్గా దొరకదు. ఎత్తు నుంచి పడి వెన్నుపూస విరిగిన కార్మికుడిని ఊహించుకోండి. అంబులెన్స్ వేళకే వస్తుంది. సర్జన్ వెన్నుకు రాడ్లు బిగిస్తాడు. ప్రాణం దక్కుతుంది, కాళ్లలో చలనం మాత్రం రాదు. డిశ్చార్జి కాగితం చేతికొచ్చిన రోజు నుంచి ఇంటివాళ్లకు అసలు పరీక్ష మొదలవుతుంది. కేథటర్ ఎప్పుడు, ఎలా వేయాలి? పడకపుండ్లు పడకుండా ఎన్ని గంటలకోసారి పక్కకు తిప్పాలి? స్నానాల గది గుమ్మంలో చక్రాల కుర్చీ పడుతుందా? ఆయన మళ్లీ ఏ పని చేయగలడు?

ఈ ప్రశ్నలన్నిటికీ ఒకేచోట జవాబు చెప్పాల్సిన డాక్టరు ఫిజికల్ మెడిసిన్ అండ్ రిహాబిలిటేషన్, క్లుప్తంగా పీఎంఆర్ నిపుణుడు. తెలుగులో పునరావాస వైద్యం అనాలి. కానీ పునరావాసం అనగానే మనకు గుర్తొచ్చేది ప్రాజెక్టుల కింద ఊళ్లు పోగొట్టుకున్నవారికి ఇచ్చే ఇళ్ల స్థలాలే. చాలామంది దీన్ని ఫిజియోథెరపీగానూ పొరబడతారు. ఫిజియోథెరపిస్టు వ్యాయామంతో కదలిక తెప్పించే నిపుణుడు. పీఎంఆర్ డాక్టరు ఎంబీబీఎస్ తర్వాత మూడేళ్లు ఎండీ గానీ డీఎన్‌బీ గానీ చదివి, ఫిజియోథెరపిస్టు, కృత్రిమ అవయవాల నిపుణుడు, స్పీచ్ థెరపిస్టు, సైకాలజిస్టు ఉన్న జట్టును నడిపించే వైద్యుడు.

మూడేళ్ల పాఠం

ఈ రెసిడెన్సీలో చదువు చాలావరకు వార్డులోనే సాగుతుంది. పక్షవాతం, తలకు గాయం, వెన్నుపాము దెబ్బ, కాలు తీసేయాల్సి వచ్చిన రోగి, సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లలు... అందరూ వీరి బాధ్యతే. నరాల పరీక్షలు చేయడం, బిగుసుకున్న కండరాలకు బొటాక్స్ ఇంజెక్షన్ ఇవ్వడం, మూత్రాశయాన్ని అదుపులో పెట్టడం, కృత్రిమ కాలు కొలతకు తగ్గట్టు ఉందో లేదో చూడడం, వైకల్య శాతాన్ని లెక్కగట్టడం నేర్చుకుంటారు. మిగతా శాఖల విద్యార్థి రోగి ఇంటికి వెళ్లిపోతే పని అయిందనుకుంటాడు. పీఎంఆర్ విద్యార్థి మాత్రం ఆ ఇంటికి ఎన్ని మెట్లున్నాయో కూడా అడగాలి.

ఈ శాఖ మన దేశంలో వేళ్లూనుకున్న తీరు వెనక ఒక వ్యక్తి పట్టుదల ఉంది. వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ డాక్టరు మేరీ వర్గీస్ 1954లో రోడ్డు ప్రమాదానికి గురై నడుము కింద చచ్చుబడి మంచాన పడ్డారు. చక్రాల కుర్చీలో కూర్చునే కుష్ఠు రోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేశారు. తర్వాత న్యూయార్క్‌లో హోవర్డ్ రస్క్ దగ్గర పునరావాస వైద్యం నేర్చుకుని తిరిగొచ్చి, 1963లో వెల్లూరులో ఆ విభాగానికి అధిపతి అయ్యారు. 1972లో పద్మశ్రీ అందుకున్నారు. అంతకుముందే 1955లో ముంబైలోని హాజీ అలీ వద్ద అఖిల భారత ఫిజికల్ మెడిసిన్ సంస్థ మొదలైంది. నేడు జంషెడ్‌పూర్ రోగి చూపు కోల్‌కతా ఎస్ఎస్‌కేఎం ఆస్పత్రి వైపో, కటక్ సమీపంలో ఓలట్‌పూర్‌లోని జాతీయ పునరావాస సంస్థ వైపో, వెల్లూరు వైపో మళ్లాల్సి వస్తుంది. మంచం దిగలేని మనిషికి అన్నిటికన్నా కష్టమైనది ఆ ప్రయాణమే.

వచ్చింది, పోయింది

ఈ కొరత తీరే అవకాశం 2020లో వచ్చింది. ఎంబీబీఎస్ కాలేజీలకు కనీస ప్రమాణాలు నిర్దేశిస్తూ జాతీయ వైద్య కమిషన్ పీఎంఆర్ విభాగాన్ని తప్పనిసరి చేసింది. మూడేళ్లు తిరక్కుండానే, 2023 మార్గదర్శకాల్లో ఆ శాఖను తప్పనిసరి జాబితా నుంచి తీసేసింది. చూడడానికి ఇది ఒక్క గీతతో కొట్టివేత. ప్రభావం మాత్రం గొలుసుకట్టు. విభాగం తప్పనిసరి కాకపోతే యాజమాన్యం అధ్యాపకుడిని నియమించదు. అధ్యాపకుడు లేనిదే పీజీ సీటు రాదు. ఎంబీబీఎస్ విద్యార్థి ఆ వార్డునే చూడకపోతే, కౌన్సెలింగ్‌లో దాన్ని కోరుకునే ఆలోచనే అతనికి రాదు.

పీజీ వైద్య విద్యార్థులు మూడు నెలలు జిల్లా ఆస్పత్రిలో పనిచేయాలన్న నిబంధన 2021లో చేరిన బ్యాచ్‌తో మొదలైంది. జిల్లాల్లో పునరావాస వైద్యం రుచి చూపించడానికి ఇంతకన్నా మంచి దారి లేదు. అయితే సీట్లు లేని రాష్ట్రంలో జిల్లా ఆస్పత్రికి వెళ్లే రెసిడెంటు మాత్రం ఎక్కడి నుంచి వస్తాడు?

అవసరం మాత్రం తగ్గడం లేదు. 2011 జనగణన ప్రకారం దేశంలో వికలాంగులు 2.68 కోట్ల మంది, అందులో కదలికకు సంబంధించిన వైకల్యం ఉన్నవారు 54 లక్షల పైమాటే. 1995 నాటి చట్టం గుర్తించిన వైకల్యాలు ఏడు కాగా, 2016 చట్టం వాటిని 21కి పెంచింది. పునరావాస సేవలు అందించాలని ప్రభుత్వాలకూ చెప్పింది. ప్రపంచవ్యాప్తంగా సుమారు 240 కోట్ల మందికి ఏదో ఒక పునరావాస సేవ అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

ట్రామా కేంద్రాలు, ఐసీయూలు పెరిగేకొద్దీ మరణం అంచు నుంచి వెనక్కి వచ్చేవారూ పెరుగుతున్నారు. వైద్యరంగం సాధించిన విజయమే పునరావాస వైద్యానికి కొత్త రోగులను తెచ్చిపెడుతోంది. వారిని చూసుకోవాల్సిన డాక్టరు తయారు కావాలంటే మూడేళ్లు పడుతుంది. ఆ మూడేళ్ల చదువుకు చోటిచ్చే కాలేజీ ఉండాలా వద్దా అన్నది నిబంధనల పుస్తకంలో ఒక్క వాక్యం తేల్చే విషయం.