హెడ్‌రెస్ట్‌కి దిండు కట్టే ముందు

దిల్‌సుఖ్‌నగర్ దాటి ఎల్బీ నగర్ మీదుగా ఆటోనగర్ వైపు వెళ్తుంటే కార్లకు సీటు కవర్లు కుట్టే దుకాణాలు కనిపిస్తూనే ఉంటాయి. కొత్త కారు కొన్నవాళ్లు చాలామంది కొద్ది రోజుల్లోనే ఇలాంటి ఏదో ఒక దుకాణం ముందు బండి ఆపుతారు. సీటు కవర్లు, కింద మ్యాట్లు, స్టీరింగ్ కవరు అన్నీ బేరమాడాక ఆఖర్న ‘నెక్ పిల్లోలు రెండు ఫ్రీగా ఇస్తాం సార్’ అనే మాట వస్తుంది. ఎముక ఆకారంలో నడుము సన్నగా, రెండు చివరలా ఉబ్బుగా ఉండే చిన్న దిండు అది. ఎలాస్టిక్ పట్టీతో హెడ్‌రెస్ట్‌కి తగిలిస్తారు. విడిగా కొంటే రెండు మూడు వందల నుంచి వెయ్యి పైదాకా ధర ఉంటుంది. ఉచితంగా వచ్చింది కదా అని తగిలించుకుని వెళ్లిపోతాం. ఆ దిండు మన మెడకు మేలు చేస్తోందా, కీడు చేస్తోందా అని చూసుకునేవాళ్లు తక్కువ.

ఈ దిండు అవసరం మాత్రం నిజమైనదే. ఎల్బీ నగర్, వనస్థలిపురం, కొత్తపేట, హయత్‌నగర్‌లలో ఇల్లు కట్టుకుని హైటెక్ సిటీలోనో గచ్చిబౌలిలోనో ఉద్యోగం చేసేవాళ్లు వేలల్లో ఉన్నారు. ఒకవైపు ప్రయాణమే ముప్పై కిలోమీటర్ల దాకా ఉంటుంది. 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట–ఎల్బీ నగర్ మెట్రో మొదలయ్యాక కొంత భారం తగ్గినా, కారు తప్పనివాళ్లు ఇంకా చాలామందే. క్యాబ్ నడిపేవాళ్లయితే రోజంతా ఆ సీట్లోనే ఉంటారు. ఇక విజయవాడ హైవేకి ఎల్బీ నగరే ముఖద్వారం. సంక్రాంతికి ఊళ్లకు బయలుదేరితే చౌటుప్పల్ దగ్గరి పంతంగి టోల్‌ప్లాజా దాటేసరికే మెడ పట్టేస్తుంది. ఆ బాధకు మెత్తటి ఊతం వెతుక్కోవడంలో తప్పేమీ లేదు. కాకపోతే ఆ ఊతాన్ని మనం కడుతున్నది ప్రాణరక్షణ కోసం పెట్టిన భాగానికి.

తల వాల్చుకోవడానికే హెడ్‌రెస్ట్ పెట్టారని మనలో చాలామంది అనుకుంటాం. పేరు కూడా అలాగే ఉంది. కాలిఫోర్నియాలోని ఓక్లాండ్‌కు చెందిన బెంజమిన్ కాట్జ్ వాహనాల హెడ్‌రెస్ట్‌కి పేటెంటు కోసం 1921లోనే దరఖాస్తు చేశాడు. అయితే చట్టం దాన్ని తప్పనిసరి చేసింది సుఖం కోసం కాదు. అమెరికాలో 1969 జనవరి 1 నుంచి తయారైన ప్రతి కొత్త కారుకూ ముందు సీట్లకు ఇది ఉండి తీరాలన్నారు. కారణం విప్లాష్ అనే మెడ గాయం.

ఆ గాయం ఎలా అవుతుందో తెలిస్తే దిండు సంగతి దానంతట అదే అర్థమవుతుంది. మన కారు ఆగి ఉంది, వెనక నుంచి ఇంకో కారు గుద్దింది అనుకోండి. సీటు మన వీపును ఒక్కసారిగా ముందుకు తోస్తుంది. నాలుగున్నర నుంచి ఐదు కిలోల బరువుండే తల మాత్రం ఉన్నచోటే ఉండిపోవాలని చూస్తుంది. మొండెం ముందుకు వెళ్లింది, తల వెనకబడింది, మధ్యలో మెడ వంకర తిరిగింది. తర్వాత తల వెనక్కి విసిరినట్టు వెళ్లి మళ్లీ ముందుకు వస్తుంది. ఇదంతా కనురెప్ప వేసేలోపు జరిగిపోతుంది కాబట్టి బిగబట్టుకునే వ్యవధి ఉండదు. దెబ్బ పెద్దది కానక్కర్లేదు. బంపర్‌కి బంపర్ ఆనించినట్టు కదిలే ట్రాఫిక్‌లో, తక్కువ వేగంలో తగిలినా మెడ కండరాలు, నరాలు, వెన్నుపూసల మధ్య కీళ్లు దెబ్బతినవచ్చు. బండికి చిన్న సొట్ట మాత్రమే పడుతుంది, మనిషి నెలల తరబడి మెడ తిప్పలేక బాధపడతాడు.

హెడ్‌రెస్ట్ ఆ వెనక్కి వెళ్లే తలను వెంటనే పట్టుకోవాలి. ఎంత దగ్గరగా ఉంటే అంత త్వరగా పట్టుకుంటుంది. అందుకే రెండు కొలతలు ముఖ్యం. ఒకటి ఎత్తు, రెండోది తలకూ హెడ్‌రెస్ట్‌కూ మధ్య ఖాళీ. హెడ్‌రెస్ట్ పై అంచు నడినెత్తి నుంచి తొమ్మిది సెంటీమీటర్ల కన్నా కిందికి ఉండకూడదని, ఖాళీ పది సెంటీమీటర్లు దాటకూడదని కార్ల భద్రతను పరీక్షించే అమెరికా బీమా సంస్థల పరిశోధన విభాగం వాహనదారులకు చెబుతూ వచ్చింది. 2004లో సవరించిన అమెరికా ప్రభుత్వ నిబంధన ఇంకా కఠినం. ముందు సీట్లలో ఆ ఖాళీ 55 మిల్లీమీటర్లు మించకుండా తయారుచేయాలంది. మన లెక్కలో చెప్పాలంటే సుమారు మూడు వేళ్ల వెడల్పు. మీరు బెత్తెడు కన్నా ఎక్కువ ఖాళీ వదిలారంటే ఆలోచించుకోవాల్సిందే.

దిండు కొనే ముందే ఈ కొలత చూసుకోవాలని నేను గట్టిగా చెబుతాను. పద్ధతి సులువు. సీట్లో నడుము పూర్తిగా వెనక్కి ఆనేలా కూర్చోండి. చూపు నేరుగా రోడ్డు మీద ఉంచండి. పక్కన ఇంకొకరిని నిలబెట్టి హెడ్‌రెస్ట్ పై అంచు ఎక్కడికి వచ్చిందో చూడమనండి. చెవుల పైభాగానికి కిందుగా ఉంటే, అంటే మన కార్లలో సాధారణంగా వదిలేసే అట్టడుగు స్థాయిలోనే ఉంటే, పైకి లాగండి. టక్కుమని పడేదాకా లాగి, కిందికి నొక్కి చూడండి. జారకూడదు. తర్వాత తల వెనక వేళ్లు పెట్టి ఖాళీ చూడండి. సీటు మరీ వెనక్కి వాల్చి ఉంటే ఖాళీ పెరుగుతుంది, కాస్త నిటారుగా చేస్తే తగ్గుతుంది. మెడ నొప్పికి దిండు వెతికేవాళ్లలో కొందరికి ఈ రెండు సర్దుబాట్లతోనే సగం నొప్పి పోతుంది. రూపాయి ఖర్చు లేదు.

ఇప్పుడు దిండు. మెడ ఎముకలు ఏడు, అవి వెనక వైపు లోపలికి వంపు తిరిగి ఉంటాయి. సీటుకు ఆనుకున్నప్పుడు ఆ వంపు దగ్గర ఖాళీ మిగులుతుంది. దానికి ఊతం లేక కండరాలు పట్టుకుని ఉండటం వల్లే అలసట. ఎముక ఆకారం దిండు ఆ ఖాళీని నింపడానికి పుట్టింది. నింపినంతవరకూ మంచిదే. చిక్కు ఎక్కడ వస్తుందంటే దాని మందం దగ్గర. వంపులో ఉన్న ఖాళీ మూడు సెంటీమీటర్లయితే, దుకాణంలో ఇచ్చిన దిండు ఏడెనిమిది సెంటీమీటర్ల లావుంటుంది. మిగిలిన నాలుగైదు సెంటీమీటర్లూ మీ మెడను, దానితో పాటు తలను ముందుకు నెడతాయి. అంతకుముందు మూడు వేళ్లు ఉన్న ఖాళీ ఐదారు వేళ్లవుతుంది. సుఖంగా ఉందని కట్టుకున్న దిండు, గుద్దుకున్నప్పుడు తలకు వెనక్కి వెళ్లడానికి ఇంకాస్త దారి ఇస్తుంది. పైగా తల ముందుకు వంగి ఉండటంతో మెడ వెనక కండరాల మీద బరువు పెరిగి, నొప్పి తగ్గాల్సింది పోయి ఎక్కువవుతుంది. ‘దిండు పెట్టాక ఇంకా లాగుతోంది’ అనేవాళ్ల సంగతి ఇదే.

కాబట్టి పరీక్ష ఒక్కటే. దిండు కట్టుకున్నాక కూడా తల వెనక భాగం హెడ్‌రెస్ట్‌కి తగులుతోందా, లేదా దాదాపు తగిలేంత దగ్గరగా ఉందా? ఉంటే ఉంచుకోండి. లేకపోతే ఎంత ఖరీదైనదైనా తీసేయండి. సీటు కవరే హెడ్‌రెస్ట్ మీద ఫోమ్ పొరతో ఒకటి రెండు సెంటీమీటర్లు పెంచేసి ఉంటుందని మరవకండి. దాని పైన దిండు అంటే మందం మీద మందం. మహిళలకు ఇంకో విషయం. వెనక పెద్ద క్లిప్పు, కొప్పు ఉంటే అది కూడా తలను ముందుకు తోస్తుంది. దూర ప్రయాణంలో జుట్టు పక్కకో కిందికో సర్దుకుంటే మంచిది. గట్టి ప్లాస్టిక్ క్లిప్పు తలకూ హెడ్‌రెస్ట్‌కూ మధ్య ఉండటం మరీ ప్రమాదం.

ఇటీవలి కార్లలో హెడ్‌రెస్టులు ముందుకు వంగి ఉంటున్నాయి. అది కూడా ఖాళీ తగ్గించడానికే. ‘తలను నెట్టేస్తోంది’ అని దాన్ని ఊడదీసి వెనక్కి తిప్పి పెట్టుకునేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయొద్దు. సీటు వీపును ఒక గడి వెనక్కి వాలిస్తే ఆ ఒత్తిడి తగ్గుతుంది. అలాంటి కార్లకు దిండు అవసరమే ఉండదు.

లోపల ఏం కూరారన్నది తర్వాతి సంగతి. చవక దిండ్లలో రెక్రాన్ లాంటి ఫైబర్ ఉంటుంది. కొత్తలో బూరెలా ఉబ్బి తలను తోస్తుంది, కొన్ని నెలలకు అణిగి ముద్దలు కడుతుంది. మామూలు ఫోమ్ కాస్త నమ్మకం. మెమరీ ఫోమ్ అని అమ్మేది 1966లో నాసా కోసం చార్లెస్ యోస్ట్ అనే ఇంజినీరు విమానాల సీట్ల మెత్తల పనిలో తయారుచేసిన పదార్థం. బొటనవేలితో నొక్కి వదిలితే గుంట నెమ్మదిగా పూడుతుంది. వెంటనే పైకి లేచిందంటే అది మామూలు ఫోమే. ఈ పదార్థానికి వేడిని బట్టి స్వభావం మారుతుంది. మే నెలలో ఎండలో ఆపిన కారెక్కితే మరీ మెత్తగా ఉంటుంది, ఏసీ చల్లబరిచాక బిగుసుకుంటుంది. కొనేటప్పుడు ఈ తేడా గుర్తుంచుకుంటే తర్వాత ఆశ్చర్యపోనక్కర్లేదు. పైగుడ్డ రెగ్జిన్ అయితే మన ఎండకు మెడ చెమటతో అంటుకుంటుంది. నూనె, చెమట పట్టే చోటు కాబట్టి జిప్ తీసి ఉతుక్కునే గుడ్డ కవరు మేలు.

పట్టీ గురించి కూడా ఒక మాట. ఒకే ఎలాస్టిక్ పట్టీతో వేలాడే దిండు స్పీడ్‌బ్రేకర్ల దెబ్బకు జారి భుజాల మీదికి వస్తుంది, లేదా తల వెనక్కి ఎక్కుతుంది. హెడ్‌రెస్ట్ కడ్డీల చుట్టూ తిప్పి బకిల్‌తో బిగించుకునే పట్టీ ఉన్నది తీసుకోండి. ఎత్తు మార్చుకునే వీలుండాలి, ఎందుకంటే భార్యాభర్తలు ఒకే కారు నడిపినా ఇద్దరి మెడ ఒకే ఎత్తులో ఉండదు. పట్టీ కోసం హెడ్‌రెస్ట్ తీయాల్సి వస్తే మళ్లీ లాక్ పడిందో లేదో లాగి చూడాలి. హెడ్‌రెస్ట్ కడ్డీలు అద్దాలు పగలగొట్టడానికే అలా తీసేలా పెట్టారంటూ వాట్సాప్‌లో తిరిగే కబురు నిజం కాదు. సీట్లు మడవడానికి, శుభ్రం చేయడానికి, ఎత్తు మార్చడానికి వాటిని అలా చేశారు.

కడ్డీలకు బిగించి రెండు వైపులా రెక్కల్లా వచ్చేవి ఇంకో రకం. నిద్రలో తల పక్కకు వాలిపోకుండా ఆపుతాయి. విజయవాడ, నెల్లూరు వైపు రాత్రి ప్రయాణాల్లో పక్క సీట్లో కూర్చునేవారికి ఇవి నిజంగా ఉపకరిస్తాయి. డ్రైవర్ సీటుకు మాత్రం వద్దు. లేన్ మారేటప్పుడు భుజం మీదుగా చూసే చూపుకి అడ్డం. పిల్లలకు ఈ రెక్కలు చైల్డ్ సీటుకు బదులు కావు. పద్నాలుగేళ్ల లోపు పిల్లలకు బెల్టో, తగిన చైల్డ్ సీటో లేకపోతే 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం 194బి సెక్షన్ కింద వెయ్యి రూపాయల జరిమానా ఉంది. బస్సెక్కేవాళ్లు ఎల్బీ నగర్‌లో కొనుక్కునే యూ ఆకారం దిండు పుష్‌బ్యాక్ సీట్లో పర్వాలేదు. వెనక భాగం పలచగా, పక్కలు లావుగా ఉన్నది చూసుకుంటే చాలు.

మన దగ్గర ఉన్న ఒక సౌకర్యాన్ని మనమే వాడుకోవడం లేదు. ఆన్‌లైన్‌లో బొమ్మ చూసి దిండు తెప్పించుకుంటాం, వంద గజాల్లో సీట్లు కుట్టే పనివాళ్లు ఉంటారు. కారు తీసుకెళ్లి, హెడ్‌రెస్ట్ సరైన ఎత్తులో పెట్టి, సీట్లో కూర్చుని, మెడ వంపు దగ్గర ఖాళీ ఎంతో వాళ్లచేత కొలిపించండి. ఆ మందానికే ఫోమ్ కోసి, పై అంచు పలచబడేలా చెక్కి, గుడ్డ కవరు కుట్టమనండి. ముందు ఓ చేతి రుమాలు చుట్టి వంపులో పెట్టి చూస్తే మీకు ఎంత మందం కావాలో తెలిసిపోతుంది. మా పక్క డ్రైవర్లు టవల్ చుట్టి నడుం వెనక పెట్టుకునే అలవాటు వెనక ఉన్న ఆలోచన ఇదే. ఎవరి ఒంటికి ఎంత కావాలో అంత. అదే పనివాడికి ఇంకో జాగ్రత్త కూడా చెప్పండి. సీటు పక్కన ఎయిర్‌బ్యాగ్ ఉన్న కారైతే ఆ కుట్టు దగ్గర కవరు మూసేయకూడదు.

ఇన్ని చేసినా మెడ నొప్పి వారాలు దాటినా, చేతి వేళ్లలో తిమ్మిరి, పట్టు తగ్గడం లాంటివి కనిపించినా అది దిండుతో తీరే సంగతి కాదు. ఎముకల డాక్టర్‌ని కలవండి. వెనక నుంచి బండి తగిలాక అదే రోజు నొప్పి లేదని వదిలేయకండి, విప్లాష్ నొప్పి మర్నాడో ఆ మర్నాడో బయటపడటం మామూలే. ఈసారి కారెక్కినప్పుడు మీ సీటుతో పాటు పక్క సీటు, వెనక సీట్ల హెడ్‌రెస్టులు కూడా పైకి లాగి లాక్ చేయండి. దిండు సంగతి ఆ తర్వాత చూసుకోండి.