చేను తాకట్టు లేకుండా పైచదువు!

చదువుకుంటూ ఉంటే జీతం ఇస్తారా? ఇస్తారు. ఫీజు కూడా మాఫీ చేస్తారు. దాని పేరే అసిస్టెంట్‌షిప్‌. మన పలమనేరు, పుంగనూరు, మదనపల్లె, కుప్పం వైపు బీటెక్‌ అయిన పిల్లల్లో చాలామందికి బ్యాంకు లోన్‌ గురించి తెలిసినంతగా దీని గురించి తెలియదు.

ఇది దానం కాదు, పని. టీఏ అయితే ల్యాబ్‌ చూసుకోవాలి, పేపర్లు దిద్దాలి, జూనియర్ల డౌట్లు తీర్చాలి. ఆర్‌ఏ అయితే ప్రొఫెసర్‌ ప్రాజెక్టులో పరిశోధన చేయాలి. టీఏ డబ్బు ఎక్కువగా డిపార్ట్‌మెంట్‌ది, ఆర్‌ఏ డబ్బు ప్రొఫెసర్‌ తెచ్చుకున్న గ్రాంటుది. కాబట్టి ఎవరిని అడగాలో ముందే తెలుసుకోండి. అమెరికాలో ఎఫ్‌-1 వీసా మీద క్లాసులు జరిగే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పనిచేయకూడదు.

నేను బెంగళూరులో సాఫ్ట్‌వేర్‌ ఉద్యోగిని. పైచదువు మాట ఎత్తగానే మా నాయన, 'చేను కుదువ పెడదాం లేరా' అన్నాడు. మల్బరీ వేసిన ఎకరన్నర అది. నా బీటెక్‌ ఫీజులు కట్టింది ఆ పట్టుగూళ్ల డబ్బే. వద్దన్నాను. ఫండింగ్‌ ఉన్న సీటుకే అప్లై చేస్తున్నా.

ఇక్కడో మెలిక ఉంది. అమెరికాలో ఈ డబ్బు ముందు పీహెచ్‌డీ వాళ్లకే. ఎంఎస్‌లో చేరేవాళ్లలో ఎక్కువమంది సొంత ఖర్చుతోనే చదవాలి. 'మొదటి సెమిస్టర్‌ అప్పు చేసి వెళ్లు, ఆ తర్వాత టీఏ దొరుకుతుందిలే' అనే మాట నమ్మి భూమి కాగితాలు బ్యాంకులో పెట్టొద్దు. దొరకొచ్చు, దొరక్కపోవచ్చు. వాయిదాలు మాత్రం ఆగవు.

ఆఫర్‌ లెటర్‌ చేతికొస్తే నాలుగు చూడండి: ఎన్నేళ్లు ఇస్తారు? ఫీజు మొత్తం మాఫీనా? హెల్త్‌ ఇన్సూరెన్స్‌ ఎవరు కడతారు? వేసవి సెలవుల్లో జీతం ఉందా? తొందరపెడితే కంగారు పడకండి. ఏప్రిల్‌ 15 ఒప్పందంలో ఉన్న అమెరికా యూనివర్సిటీలు ఫండింగ్‌ ఆఫర్‌కి ఆ తేదీలోపే జవాబివ్వమని ఒత్తిడి చేయకూడదు. టీఏ కావాలంటే ఇంగ్లిష్‌ మాట్లాడటంలో విడిగా స్కోరు అడిగేవి చాలానే ఉన్నాయి. అందుకే మాట్లాడటం ఇప్పటి నుంచే సాధన చేయండి.

విమానం ఎక్కకుండా కూడా దారి ఉంది. గేట్‌ స్కోరుతో ఎంటెక్‌లో చేరితే నెలకు 12,400 రూపాయలు వస్తాయి. ఐఐటీల్లో అందుకు బదులుగా వారానికి సుమారు 8 గంటలు టీఏ పని చేయాలి. పీహెచ్‌డీలో జేఆర్‌ఎఫ్‌ 2023 జనవరి నుంచి నెలకు 37,000. గేట్‌ స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. ఏర్పేడు దగ్గరి ఐఐటీ తిరుపతి మనకి ఒక్క పూట ప్రయాణమే.

అమెరికా పీహెచ్‌డీ దరఖాస్తులకు చాలా చోట్ల డిసెంబరే గడువు. ఈ వారమే మీకు నచ్చిన సబ్జెక్టులో ముగ్గురు ప్రొఫెసర్ల పేపర్లు చదవండి. అర్థమైంది, అర్థం కానిది రెండూ రాసి మెయిల్‌ పెట్టండి. 'రెస్పెక్టెడ్‌ సర్‌' అంటూ వందమందికి ఒకే మెయిల్‌ పంపితే ఎవరూ తెరవరు.