గాలిని తరిమే పని

తెల్లగా మెరిసే యాట్‌ను చూసినవాళ్లు ఆ నిగనిగ ఆఖర్న వేసిన పెయింట్ అనుకుంటారు. మేం కట్టే బోట్లలో అదే మొదటి పని. పడవను మేం బయటినుంచి లోపలికి కడతాం.

యూఏఈలోని ఉమ్మల్ ఖ్వైన్‌లో ఒక బోట్ల యార్డులో నేను లామినేటర్‌ని. మా శ్రీకాకుళం తీరంలో వేటకెళ్లే ఫైబర్ బోటుకైనా, ఈ విలాసాల పడవకైనా సరుకు ఒకటే: గాజు పోగులు, రెజిన్. ఈ ఊళ్లోనే గల్ఫ్ క్రాఫ్ట్ కంపెనీ 54 మీటర్ల మెజెస్టీ 175 అనే యాట్‌ను కట్టి 2020లో నీళ్లలోకి దించింది. అంత పెద్ద ఓడ ఒళ్లు కూడా ఉక్కు కాదు, పోగులూ రెజినూ కలిసిన కాంపోజిటే.

ముందు అచ్చు లోపలంతా మైనం పట్టించి పాలిష్ చేస్తాం. దానిమీద అర మిల్లీమీటరుకు కాస్త ఎక్కువ మందాన జెల్‌కోట్ కొడతాం. రేపు లోకానికి కనిపించే మెరుపు అదే. అది వేలికి జిగురుగా తగిలేంత ఆరాక, పల్చటి గాజు మ్యాట్ పరిచి వినైల్ ఎస్టర్ రెజిన్‌తో తడిపి, చిన్న రోలర్లతో నొక్కుతాం. రోలర్ రెజిన్ పూయడానికి కాదు, గాలి తీయడానికి. అక్కడ బుడగ మిగిలితే ఎండకు ఉబ్బి పైపొర పెళుసుగా రాలిపోతుంది.

ఆ పొర గట్టిపడ్డాక గాజు బట్టలు, మధ్యలో ఫోమ్ పలకలు, మళ్లీ బట్టలు పొడిగానే పేరుస్తాం. రెండు గట్టి పొరల మధ్య తేలికైన ఫోమ్ ఉండబట్టే పడవ బరువు పెరగకుండా బిగువుగా ఉంటుంది. మొత్తాన్ని ప్లాస్టిక్ షీటుతో కప్పి, అంచులు జిగురు టేపుతో మూసి, పంపుతో గాలి లాగేస్తాం. అప్పుడు బయటి గాలి చదరపు మీటరుకు దాదాపు 10 టన్నుల బరువుతో ఆ పొరలను అదుముతుంది. పంపు ఆపి గేజీ చూస్తాం. ముల్లు కదిలిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. షెడ్డులో మాటలు బందుచేసి, అంచుల వెంబడి చెవి పెట్టి, సన్నటి 'సుయ్'మనే చప్పుడు కోసం వెతుకుతాం.

లీకు లేదని తేలాకే రెజిన్ గొట్టాలు తెరుస్తాం. తెల్లటి బట్ట తడుస్తూ రంగు మారుతుంటే, ఏ గొట్టం ఎప్పుడు తెరవాలో చూసుకుంటూ వెంట నడుస్తాం. మొదలెట్టాక మధ్యలో ఆగడానికి లేదు. రెజిన్ గడ్డకట్టేలోపు చివరి మూల దాకా చేరాలి. ఎండాకాలం ఆ గడువు ఇంకా తగ్గిపోతుంది. హార్డనర్ కలిపిన రెజిన్ బకెట్‌లో మిగిలిపోతే దానంతటదే వేడెక్కి పొగలు కక్కుతుంది.

అచ్చులోంచి తీసిన ఒంటిని తనిఖీవాళ్లు చిన్న సుత్తితో తట్టి చూస్తారు. గట్టి చోట ఖంగుమంటుంది. పొరలు అంటుకోని చోట బోలుగా డబ్‌మంటుంది. అక్కడ పైపూత వేసి కప్పేయడం కుదరదు. కోసి, అరగదీసి, మళ్లీ పొరలు వేయాల్సిందే.

ఆ అరగదీతలో లేచే గాజు దుమ్ము మోచేతి మడతల్లో, మెడ మీద దురద పెడుతుంది. రెజిన్‌లోని స్టైరీన్ ఆవిరి తల తిప్పుతుంది. దానికి గుడ్డ మాస్కు ఆగదు, కార్ట్రిడ్జ్ ఉన్న రెస్పిరేటర్ కావాలి. మన ఊళ్లనుంచి కొత్తగా వచ్చే కుర్రాళ్లు “జీతమెంత అన్నా?” అని మొదలెడతారు. జీతం సంగతి తర్వాత తమ్ముడూ, ముందు మాస్కు తీయకుండా పనిచేయి, హార్డనర్‌ను కంటి అంచనాతో కాక తూకం వేసి కలుపు అంటాను. ఆ రెండూ అలవాటైనవాడికి రోలర్ పట్టడం నేర్పడం ఏమంత కష్టం కాదు.