కుజగ్రహ శకటముల జ్ఞాపకము

కుజగ్రహముమీద సంచరించు యంత్రశకటములనుగూర్చి మన విద్యార్థులలో పెక్కురు వినియే యుందురు. వాని చక్రములనుగూర్చియు, ఛాయాగ్రహణ యంత్రములనుగూర్చియు చెప్పువారు పలువురు గలరు. కాని శకటము తాను చూచినదానిని ఎచ్చట దాచుకొనును? దాచినదానిని మరచినచో నేమగును? మరువకున్నచో నేమగును? ఈ ప్రశ్నలకు 'స్పిరిట్', 'ఆపర్చునిటీ' యను జంటశకటముల చరిత్రమే తగిన సమాధానము గనుక దానినే యిచ్చట వివరింపబూనితిమి.

వీని కంప్యూటరునకు జ్ఞాపకము ప్రధానముగా రెండు విధములు. మొదటిది మన పలకవంటిది. లెక్క చేయుచున్నంతసేపు అంకెలు దానిపై నుండును. విద్యుత్తు ఆగినతోడనే సర్వము తుడిచిపెట్టుకొనిపోవును. దీనిని ర్యామ్ అందురు. రెండవది పుస్తకమువంటిది. యంత్రము నిద్రించి లేచినను వ్రాత చెక్కుచెదరక యుండును. దీని పేరు ఫ్లాష్. ఒక్కొక్క శకటమునకు పలక 128 మెగాబైట్లు, పుస్తకము 256 మెగాబైట్లు. ఒక మెగాబైటున సుమారు పది లక్షల ఇంగ్లీషు అక్షరములు పట్టును. తెలుగక్షరములకు అంతకు మించిన చోటు కావలయును. నేడు అంగడిలో దొరకు చౌక స్మార్ట్‌ఫోనులోనైనను ఇంతకంటె మిక్కిలి యెక్కువ చోటు గలదు. అట్లని నాసావారు లోభించిరని తలపరాదు. అంతరిక్షమునందలి కిరణములు తగిలినచో నిలువయందలి గుర్తులు తారుమారగును. వేగము తక్కువైనను ఆ దెబ్బల కోర్చు భాగములనే వారు ఏరుకొనవలసివచ్చెను.

స్పిరిట్ 2004 జనవరి 4వ తేదీన గుసేవ్ అను బిలమున దిగెను. జనవరి 21న అది హఠాత్తుగా సరియైన మాట పలుకుట మానెను. కాలిఫోర్నియాలోని జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీ వారు ఎంతగా పిలిచినను అర్థములేని సంకేతములో, మౌనమో ప్రత్యుత్తరమయ్యెను. వార్త అచ్చటికి చేరుటకే సుమారు 10 నిమిషములు! విచారింపగా తెలిసినదేమనగా: పుస్తకము చెడలేదు. దానిని తెరచునప్పుడెల్ల అందలి దస్త్రముల పట్టికను పలకపై వ్రాసికొనుట ఆ యంత్రము పద్ధతి. దాదాపు ఏడు నెలల ప్రయాణమున చేరిన పాత దస్త్రములు, దిగినపిమ్మట చేరిన క్రొత్తవి కలసి పట్టిక పెరిగి పలకపై పట్టకపోయెను. పట్టకపోగా యంత్రము కలతచెంది తన్నుతానార్పుకొని మరల లేచును, లేచి మరల ఆ పుస్తకమునే తెరచును, మరల కలతచెందును. ఇట్లు 60 మారులకు పైగా జరిగెను. రాత్రులందు నిద్రింపవలసిన శకటము మేల్కొనియే యుండుటచే బ్యాటరీలు క్షీణింపసాగెను. ఇంకను కొన్నాళ్లు జరిగియుండినచో దాని యాయువు అంతటితో తీరెడిదేమో.

అప్పుడు శాస్త్రజ్ఞులు చేసిన యుపాయము మాకు మిక్కిలి ముచ్చట గొలిపినది. పుస్తకమును ముట్టకయే మేలుకొనుమని శకటమున కాజ్ఞ పంపిరి. జనవరి 24 నాటికి అది కుదుటపడెను. పిమ్మట పనికిరాని దస్త్రములను వేలకొలది తుడిచివేసి, ఫిబ్రవరిలో ఫ్లాషును తిరిగి శుభ్రముగ సిద్ధపరచిరి. జనవరి 25న మెరిడియానీ మైదానమున దిగిన ఆపర్చునిటీయు అదే క్రమలేఖతో నడచునది గనుక దానికిని ఈ జాగ్రత్త యుపయోగించెను.

ఆపర్చునిటీకి వచ్చిన వ్యాధి దీనికి విరుద్ధము. ఫ్లాషున వ్రాయుచు తుడుచుచు నుండగా అందలి గడులు అరిగిపోవును. 90 కుజదినములు పనిచేసిన చాలునని పంపిన శకటము పదేండ్లు నడచినది. అరుగుటలో వింత యేమున్నది? 2014లో దానికి మాటిమాటికి మతిమరుపు వచ్చెను. ఒకమారు తుడిచి సరిచేసినను నిలువలేదు. తుదకు పుస్తకమును విడిచి పలకతోనే పని జరుపసాగిరి. అనగా నాడు తీసిన చిత్రములను, కొలిచిన కొలతలను, యంత్రము నిద్రించుటకు ముందే, ఆకాశమున తిరుగు ఉపగ్రహమున కప్పగింపవలెను. అప్పగింపనిది ఉదయమున కుండదు. కావున ఏ పూట ఎంత చూడవచ్చునో, ఎంత పంపవచ్చునో శాస్త్రజ్ఞులు ముందుగనే లెక్కవేసికొనుచుండిరి.

తరువాత పంపిన 'క్యూరియాసిటీ'కి రెండు కంప్యూటరుల నమర్చిరి. 2013 ఫిబ్రవరిలో ఒకదాని నిలువ చెడగా రెండవదానికి మారిరి. ఆపర్చునిటీకి అట్టి తోడు లేదు. అయినను ఏనాటిపాఠము ఆనాడే అప్పగించు బాలునివలె అది మరి కొన్ని సంవత్సరములు నడచెను. 2018లో కుజగ్రహమును గప్పిన ధూళితుపానున సూర్యరశ్మి కరవై, జూన్ 10న తుదివార్త పంపి అది మిన్నకుండెను.